పైడిపాడు కల్వర్టు యుద్ధం

మా జిల్లాలో మూడు ప్రభుత్వ శాఖలు ఒకదాని మీద ఒకటి యుద్ధం ప్రకటించుకున్నాయని పేపర్లో చదివి మీరు కంగారు పడి ఉంటారు. కంగారు పడవలసిందేమీ లేదు. ఆ యుద్ధం కలెక్టరుగారి ఉత్తర్వులతో, ఆదివారాలూ పండగ సెలవులూ మినహాయించి, ఎన్జీవో హోములో పింగ్‌పాంగ్ బల్ల మీద జరిగింది. దానికి అంపైర్‌ని నేనే. నా పేరు మంగపతి, గణాంకాల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఎవరు ఎవర్ని గెలిచారో, ఎవరు ఎంతదూరం పారిపోయారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు గనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ముందు ఆట సంగతి. మా ఎన్జీవో హోము ఉద్యోగుల క్లబ్బు, అక్కడ సాయంత్రం పూట అందరూ పేకాడుకుంటారు. మేం నలుగురం మాత్రం యుద్ధాలు చేసుకుంటాం. వేలి కణుపంత సీసపు సైనికులు, వాళ్లకి రంగులు మేమే వేసుకుంటాం. అట్టముక్కలతో కొండలు, పాత స్పాంజి ముక్కలతో తోపులు. అయితే రెండు దండుల్ని ఎదురెదురుగా నిలబెట్టి పాచికలు వేస్తే అది తగాదా అవుతుందిగాని యుద్ధం కాదు. ఎవరు ఎక్కణ్ణించి వచ్చారు, ఎందుకు వచ్చారు, వెనకాల తిండి ఉందా లేదా, ఇవన్నీ తేలాలంటే మ్యాపు కావాలి. ఆ మ్యాపు గోడ మీద తెర వెనకాల ఉంటుంది. మొత్తం చూసే హక్కు అంపైర్‌కి ఒక్కడికే. సేనానులు తమ ఆజ్ఞలు చీటీల మీద రాసి నాకిస్తారు. నేను తెర వెనక్కి వెళ్లి గుండుసూదులు జరుపుతాను. రెండు దండులు మ్యాపు మీద ఒకచోట తారసపడితే అప్పుడు బల్ల మీద యుద్ధం. అందులో తేలింది మళ్లీ మ్యాపెక్కుతుంది. ఒక్కో దండయాత్ర ఏడాది పైనే నడుస్తుంది. దీన్ని గురించి మా ఇళ్లల్లో ఏమనుకుంటారో ఇక్కడ అనవసరం.

నిబంధనల విషయంలో నేను కొంచెం మొండివాణ్ణి, ఒప్పుకుంటాను. మ్యాపులో ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు. ఒక దండు వదిలేసిపోయిన శిబిరంలో ఎవరు ముందు అడుగుపెడితే అక్కడి సామగ్రి వాళ్లది. అన్నిటికంటే ముఖ్యమైంది దూతల నిబంధన. సేనాని ఆజ్ఞ రాసినంత మాత్రాన అది అమలైపోదు. దూత దాన్ని పట్టుకుని మ్యాపులో ఉన్న దారి వెంట నడిచి చేరవలసిన చోటికి చేరాలి. వానాకాలంలో దారిలో వాగు ఉండి, వాగు మీద వంతెన లేకపోతే, దూత గట్టున కూర్చోవాలి. వాగు తగ్గేదాకా ఆ ఆజ్ఞ లేనట్టే.

ట్రెజరీలో పనిచేసే చెన్నకేశవులు ఇలాగే ఒక కోట పోగొట్టుకున్నాడు. తలుపులు మూసుకోమన్న అతని ఆజ్ఞ ఏటి ఒడ్డున ఉండగానే, శత్రువులు తెరిచిన తలుపుల్లోంచి లోపలికొచ్చి వంట చేసుకున్నారు.

"ఫోన్ చేసినట్టు అనుకోవచ్చుగదా మంగపతీ" అన్నాడు.

"అనుకోవడానికి వీల్లేదు" అన్నాను.

ఆ తర్వాత చాలాకాలం అతను నాతో మాట్లాడలేదు. కానీ ఆటకి రావడం మాత్రం మానలేదు. నిబంధన మీద గౌరవం అంటే అలా ఉండాలి.

ఇలా ఎవరికీ అపకారం లేకుండా, ఉపకారం అసలే లేకుండా కాలక్షేపం చేస్తున్న రోజుల్లో ఉద్యోగుల క్లబ్బులన్నిటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. క్లబ్బులో జరిగే ప్రతి వినోదమూ సుపరిపాలనకి ఏ విధంగా దోహదపడుతోందో నివేదించవలెను, దోహదపడని వినోదాలను నిలిపివేయవలెను. క్యారమ్స్ వాళ్లు 'లక్ష్యసాధనలో ఏకాగ్రత' అని రాసి పంపారు. పేకాట వాళ్లు 'పంపిణీలో పారదర్శకత' అని రాశారు. మాకేమీ తోచక 'యుద్ధం' అని రాసి ఊరుకున్నాం. దాంతో తనిఖీకి కలెక్టరుగారే స్వయంగా వచ్చారు.

కలెక్టర్ నిశాంత్‌గారు కొత్తవారు. ఎక్కడో నాయకత్వ శిక్షణ పూర్తిచేసుకుని, ఆ వేడి చల్లారకముందే మా జిల్లాకి వచ్చారు. మా బల్ల చుట్టూ తిరిగారు. తెర తీయించి మ్యాపు చూశారు. దూతల నిబంధన మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

"ఫెంటాస్టిక్" అన్నారు. "కాన్‌ఫ్లిక్ట్ ద్వారా కన్వర్జెన్స్. మన డిపార్ట్‌మెంట్లకి కావలసింది ఎగ్జాక్ట్‌గా ఇదే."

మాకు పరమానందమైంది. ఆట బతికిపోయిందనుకున్నాం.

మరుసటి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు. వచ్చిన అర్జీలు ఏ శాఖకి ఎన్నో లెక్కవేయడం నా పని గనుక నేనూ హాల్లోనే ఉన్నాను. పైడిపాడు సర్పంచ్ రాహేలమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, నేత చీర, చేతిలో గొడుగు. ఆవిడ రాని సోమవారం లేదు. పైడిపాడు వాగు మీద కల్వర్టు నిరుడు వానలకి కొట్టుకుపోయింది. అక్కడ దారి రోడ్ల శాఖది, వాగు కాలువల శాఖది, ఊరు పంచాయతీ శాఖది. మూడూ కలిసేచోట ఉండటం వల్ల కల్వర్టు ఎవరిదీ కాకుండా పోయింది.

కలెక్టరుగారు మూడు శాఖల ఇంజినీర్లనీ లేపి నిలబెట్టారు.

రోడ్ల శాఖ భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు. "సదరు కట్టడం రోడ్డులో ఉన్నట్టు కనిపించినప్పటికీ సార్, వాగు లేనిపక్షంలో కల్వర్టు అవసరమే ఉత్పన్నం కాదు. కాబట్టి అది స్వభావరీత్యా వాగుకి సంబంధించినది."

"వాగుకి కల్వర్టు అవసరం లేదు సార్" అన్నారు కాలువల శాఖ హైమవతిగారు. "నీళ్లు వాటంతటవే పోతున్నాయి. ఆ విషయమై నీటి నుంచి మాకెలాంటి ఫిర్యాదూ రాలేదు. దాటే ప్రజలకి అవసరం. ప్రజలు పంచాయతీ వారు."

"ప్రజలు గ్రామంలో ఉన్నంతసేపే మా పరిధి సార్" అన్నారు పంచాయతీ శాఖ మస్తాన్‌వలీగారు. "వాగులో కాలు పెట్టిన క్షణం నుంచి వారు మా పరిధి దాటినట్టే."

రాహేలమ్మ ముగ్గురి మాటా ఓపిగ్గా విన్నది. తర్వాత కలెక్టరుగారి వైపు తిరిగింది.

"నిరుడు వానల్లో మా అత్తకి గుండెనొప్పి వచ్చింది సారూ. ఫోన్ జేస్తే అంబులెన్స్ వచ్చింది, రాలేదనను. అది ఆ గట్టున ఆగింది. మేం ఈ గట్టున మంచం దించాం. మధ్యలో వాగు. డ్రైవరు మమ్మల్ని చూస్తన్నాడు, మేం డ్రైవర్ని చూస్తన్నాం. అట్టా చూసుకుంటా ఉండంగానే మా అత్త పోయింది. మళ్లీ వానలొస్తన్నయ్. ఈసారి ఎవుర్ని పెట్టుకుని గట్టున కూకోవాలో మీరే చెప్పండి."

నాకు నా లెక్కల కాగితం మీద చూపు నిలవలేదు. ఆ పూట ఆట గుర్తొస్తే సిగ్గేసింది.

"వెరీ టచింగ్" అన్నారు కలెక్టరుగారు, నిజంగానే కదిలిపోయి. కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "దీన్ని మనం యుద్ధంతో తేల్చుకుందాం."

అదే వారంలో ఉత్తర్వులు వెలువడ్డాయి. మా ఊహాదేశపు మ్యాపు తీసేసి దాని స్థానంలో జిల్లా అధికారిక మ్యాపు తగిలించవలెను. మూడు శాఖలూ మూడు దండులతో తలపడవలెను. యుద్ధాంతమున కల్వర్టు స్థలం ఎవరి ఆధీనంలో ఉండునో, కట్టే బాధ్యత వారిదే. మ్యాపుపై తేలినదే క్షేత్రస్థాయిలోనూ తేలినట్టుగా పరిగణింపబడును. అంపైర్ మంగపతి నిబంధనలు యథాతథంగా ఈ ఉత్తర్వులో భాగమగును.

చివరి వాక్యం చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆ సంతోషంలో పడి అసలు చిక్కు గమనించలేదు. లోకంలో యుద్ధాలన్నీ ఒక చోటు నాకు కావాలంటే నాకు కావాలని జరుగుతాయి. ఇక్కడ సంగతి వేరు. చెన్నకేశవులు అడగనే అడిగాడు, "ఎవరికీ అక్కర్లేని చోటు కోసం యుద్ధం ఎట్లా చేస్తారు గురూ?" అని. ఉత్తర్వులో ఆ ప్రశ్నకి తావులేదని చెప్పాను.

ఏర్పాట్లు మాత్రం ఘనంగా జరిగాయి. సైనికుల బట్టల రంగు నిర్ణయించడానికి ఉపసంఘం వేశారు. భుజంగరావుగారు ఎరుపు కోరుకున్నారు, ఎరుపు అంటే పనులు ఆపమన్న అర్థం వస్తుందని కొందరు అభ్యంతరం చెబితే, అందుకే కోరుకున్నానన్నారు. దండు వెనక సామగ్రి ఎంత ఎక్కువుంటే పాచికల్లో అంత లాభం అని నా నిబంధన. సామగ్రి ఊహించుకోవడానికి వీల్లేదు, శాఖ గోడౌన్లో నిజంగా ఉన్నదే చూపించాలి అని కలెక్టరుగారు కలిపారు. అప్పటిదాకా ఏ పని అడిగినా సామగ్రి లేదంటూ వచ్చిన శాఖలు పౌరుషానికి పోయి ఉన్నదంతా బయటపెట్టాయి. రోడ్ల శాఖ యార్డులో సిమెంటు తూములు గుట్టలుగా ఉన్నాయట. పంచాయతీ శాఖ దగ్గర సిమెంటు బస్తాలు, కాలువల శాఖ దగ్గర కంకరా రాళ్లూ ఇనుపచువ్వలూ. ఆ వివరమంతా చిన్న చిన్న అట్టబళ్ల మీద రాసి, మూడు దండుల వెనకా పెట్టాను. మూడు శిబిరాలూ పైడిపాడు వాగు దగ్గరే, కల్వర్టు చుట్టూ. ఒక్క అడుగు వేస్తే యుద్ధం.

మొదటి సోమవారం మూడు చీటీలూ తెరిచాను. మూడింట్లోనూ ఒకే ఆజ్ఞ ఉంది: వెంటనే వెనక్కి తగ్గవలెను.

గుండుసూదులు వెనక్కి జరిపాను. రెండో సోమవారం ఇంకా వెనక్కి జరిపాను. బళ్లుంటే నడక నెమ్మదిస్తుందని నిబంధనలో ఉంది గనుక, మూడు శాఖలూ సామగ్రి బళ్లని వాగు దగ్గరే వదిలేసి పరుగెత్తడం మొదలుపెట్టాయి.

ఈ పరుగులో విచిత్రాలు జరిగాయి. భుజంగరావుగారి దండు అందరికంటే ముందుంది, ఎందుకంటే మ్యాపులో ఆ వైపంతా రెండు వరసల తారురోడ్డు. ఆ రోడ్డు నేలమీద లేదని మస్తాన్‌వలీగారు ఫిర్యాదు చేశారు.

"మా రికార్డుల ప్రకారం అది నిరుడే పూర్తయింది" అన్నారు భుజంగరావుగారు ప్రశాంతంగా.

మ్యాపులో ఉన్నదే ఉన్నట్టు అని నేను తీర్పు చెప్పాను. ఆ రోడ్డు మీద ప్రయాణం చేసిన మొదటివాళ్లు నా సీసపు సైనికులే.

హైమవతిగారి దండు పెద్దకాలువ దగ్గర ఆగిపోయింది. మ్యాపులో కాలువ నిండా నీళ్లు.

"అందులో నీళ్లెక్కడివండీ, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు" అన్నారావిడ విసుగ్గా.

"మరి మీ శాఖ నివేదికలో కాలువ చివరి భూములకి కూడా నీరందినట్టుంది మేడమ్" అన్నాను.

ఆవిడ కలెక్టరుగారి వైపోసారి చూసి, నీళ్లు నిండుగానే ఉన్నాయని ఒప్పుకున్నారు. దండు మొత్తాన్నీ పడవల మీద దాటించారు. పడవలకి చాలా సమయం పట్టింది. మస్తాన్‌వలీగారు కొండెక్కి కూర్చున్నారు. భుజంగరావుగారు ఏకంగా పక్కజిల్లాలోకి వెళ్లిపోయి అక్కడ ఆశ్రయం కోరారు. మీ దండు మా జిల్లాలో ఏ పద్దు కింద మకాం వేసిందో తెలపమని ఆ జిల్లా వాళ్ల దగ్గర్నించి తాఖీదు వచ్చింది.

కలెక్టరుగారు మాత్రం మహా సంతోషంగా ఉన్నారు. ఇన్ని వారాల యుద్ధంలో ఒక్క ప్రాణనష్టమైనా లేదు. 'జీరో క్యాజువాలిటీ మోడల్' అని పేరుపెట్టి రాష్ట్రస్థాయి పోటీకి పంపించారు. ఇతర జిల్లాల నుంచి అధికారులు వచ్చి, తెర తీయించి, ఖాళీగా ఉన్న కల్వర్టు స్థలాన్ని చూసి నోట్సు రాసుకు వెళ్లేవారు.

రాహేలమ్మ కూడా వచ్చేది. కలెక్టరేట్‌లో ఆవిడ అర్జీ తీసుకోవడం మానేశారు, సంగతి యుద్ధంలో ఉందిగదా అని ఎన్జీవో హోముకి పంపేవారు. ఓ మూల కుర్చీలో కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని చూసేది. మొదట్లో ఆవిడంటే నాకు భయంగా ఉండేది. ఎప్పుడు తిడుతుందోనని. తిట్టలేదు. ఒక సోమవారం అందరూ చీటీలిచ్చి వెళ్లిపోయాక బల్ల దగ్గరికి వచ్చింది.

"మేఘాలు పట్టినయ్ సారూ. నెలలో వాగొస్తది. వీళ్లు ఎప్పటికి తిరిగొస్తారు?"

"తిరిగి రారమ్మా" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అయితే ఆ చోటు ఎవురిదిప్పుడు?"

"ఎవరిదీ కాదు."

"ఎవురైనా పోయి కూకోవచ్చా?"

నేను జవాబు చెప్పబోయి ఆగాను. ఉత్తర్వు తీసి మొదటినుంచీ చదివాను. మూడు శాఖలు తలపడాలని ఉంది. నాలుగోవాళ్లు తలపడకూడదని లేదు. నిబంధనలకి చేతులు జోడించాలనిపించిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

"కూర్చోవచ్చు" అన్నాను. "కానీ దండు ఉండాలి."

మర్నాడు రాహేలమ్మ సంచిలోంచి ఎర్ర ప్లాస్టిక్ ట్రాక్టరు తీసి బల్లమీద పెట్టింది. మనవరాలిదట. వెనక చక్రం ఒకటి లేదు. చెన్నకేశవులు గుడ్లప్పగించాడు.

"ఇదేంది? కొలత కుదరొద్దూ? పక్కనున్న కొండకంటే ట్రాక్టరు పెద్దగా ఉంది."

"మా ఊళ్లో కొండలు చిన్నయ్యే" అంది రాహేలమ్మ.

పైడిపాడు దండు తన ఊరినుంచి బయల్దేరి, ఆ పూటే కల్వర్టు స్థలాన్ని ఆక్రమించినట్టు మ్యాపులో నమోదు చేశాను. అడ్డుకోవడానికి చుట్టుపక్కల ఒక్క సైనికుడూ లేడు. వదిలేసిపోయిన శిబిరాల్లో ముందు అడుగుపెట్టినవాళ్లకే సామగ్రి చెందుతుందనే నిబంధన కింద తూములూ, సిమెంటూ, కంకరా, చువ్వలూ ఆవిడకి దక్కాయి. మ్యాపుపై తేలినది క్షేత్రస్థాయిలోనూ తేలినట్టే గనుక, ఆ మేరకు ఉత్తర్వు రాసి కలెక్టరుగారి సంతకానికి పెట్టాను. ఆయన బహుమతి అందుకోవడానికి రాజధానికి బయల్దేరే హడావుడిలో ఉన్నారు.

"కమ్యూనిటీ పార్టిసిపేషన్ కూడానా" అంటూ కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశారు.

పైడిపాడు ట్రాక్టర్లు మూడు గోడౌన్లకీ వెళ్లాయి. కాపలావాళ్లు కలెక్టరుగారి సంతకం చూసి తాళాలు తీశారు. తూముల మీద తీగలు అల్లుకుని ఉన్నాయి. ఒక తూములో కుక్క పిల్లల్ని పెట్టింది. దాన్నీ పిల్లల్నీ కూడా ట్రాక్టరెక్కించారు, శిబిరంలో దొరికిన ప్రాణులు ఖైదీల కింద లెక్క గదా. ఊరంతా కదిలింది. ఆ ఊళ్లో సగంమంది పట్నాల్లో వంతెనల పనులకి వెళ్లొచ్చినవాళ్లే. వాగు రాకముందే తూములు దిగాయి, వాటి మీద దారి పడింది. రాహేలమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఆవిడకి చెప్పాను, ఆఫీసులో అటెండరుకి చెప్పాను, పేకాట బల్ల దగ్గరికి వెళ్లి అడగకపోయినా చెప్పాను.

కల్వర్టు లేనంతకాలం దానికి దిక్కులేదు. ఉందని తెలిసేసరికి మూడు శాఖలకీ ఎక్కళ్లేని బాంధవ్యం పుట్టుకొచ్చింది. ఉన్న కల్వర్టుకి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫలకం మీద పేర్లుంటాయి. ఆ సోమవారం మూడు చీటీలూ ఒకే ఆజ్ఞతో వచ్చాయి: తక్షణం ముందుకు దూకి కల్వర్టును స్వాధీనపరచుకొనవలెను.

కానీ ఆజ్ఞ దండుకి చేరాలంటే దూత నడవాలి. భుజంగరావుగారి దూత పక్కజిల్లా సరిహద్దులో అనుమతి కోసం ఆగాడు. హైమవతిగారి దూత, నిండుగా పారుతున్న పెద్దకాలువ ఒడ్డున పడవ కోసం ఆగాడు. మస్తాన్‌వలీగారి దూత కొండెక్కుతుండగా వాన మొదలైంది. మ్యాపులోనూ, బయటా కూడా.

దక్కదని తేలాక ముగ్గురూ కలిసికట్టుగా కలెక్టరుగారి దగ్గరికి వెళ్లారు. ఆ మూడు శాఖలూ ఏకాభిప్రాయానికి రావడం జిల్లా చరిత్రలో లేదని పాతవాళ్లు అంటారు. నన్నూ పిలిపించారు.

"సదరు కల్వర్టు అక్రమం సార్" అన్నారు భుజంగరావుగారు. "అసలది మ్యాపులోనే లేదు."

కలెక్టరుగారు నా వైపు చూశారు. "మంగపతీ, మ్యాపులో ఎందుకు లేదు?"

"ఎక్కించాలంటే కట్టిన శాఖ పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వాలి సార్. కట్టింది శాఖ కాదు. అందుకని మ్యాపులో ఇంకా కొట్టుకుపోయినట్టే ఉంది."

"మ్యాపులో లేనిది?"

"లేనట్టే సార్."

కలెక్టరుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన చెడ్డవారు కాదు, బహుమతి వచ్చిన విధానాన్ని కాదనలేరు, అంతే. నోటీసు తయారైంది. లేని కల్వర్టును అనుమతి లేకుండా నిర్మించినందున, ఈ నోటీసు పైడిపాడు శిబిరమునకు చేరిన వారంలోగా దానిని తొలగించి, పూర్వం లేకుండా ఉన్న స్థితికి తీసుకురావలెను. ముగ్గురు ఇంజినీర్లూ తృప్తిగా టీ తాగారు. నేను నా గ్లాసు పక్కన పెట్టేశాను. రాహేలమ్మ అత్త మంచం కళ్ల ముందు కదిలింది.

"నోటీసు దూతల నిబంధన ప్రకారమే పంపాలి సార్" అన్నాను. "ఉత్తర్వులో భాగం."

"ఆఫ్‌కోర్స్" అన్నారు కలెక్టరుగారు.

కలెక్టరేట్ అటెండరు బసవయ్యకి నోటీసిచ్చి పంపారు. బసవయ్య నిదానస్తుడు, చెప్పింది చేస్తాడు, చెప్పనిది ప్రాణం పోయినా చేయడు. బస్సు దిగి వాగు దగ్గరికి నడిచి, అక్కణ్ణించి ఫోన్ చేశాడు. కలెక్టరుగారు అందరూ వినేలా స్పీకరు పెట్టారు.

"సార్, వాగు బాగా వస్తంది సార్. ఇక్కడ కల్వర్టు ఉంది. దాని మీదుగా పొమ్మంటారా?"

భుజంగరావుగారు పొమ్మనమన్నట్టు చెయ్యి ఊపారు. నేను లేచి నిలబడ్డాను.

"దాటొచ్చు సార్. ప్రభుత్వ దూత దాటితే కల్వర్టు ఉన్నట్టు ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఉంటే మ్యాపెక్కుతుంది. మ్యాపెక్కితే లేని కల్వర్టు మీద రాసిన నోటీసు చెల్లదు. లేదంటారా, లేని కల్వర్టు మీద దాటలేడు. వాగు తగ్గేదాకా ఆగాలి."

"పోస్టులో పంపితే?" అన్నారు హైమవతిగారు.

"పోస్ట్‌మ్యాన్ కూడా అక్కడే ఆగాలి మేడమ్."

ఫోన్లోంచి వాన చప్పుడు వినిపిస్తోంది. దాని మధ్యలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది.

"ఆ బండి ఎటు వెళ్లింది బసవయ్యా?" అన్నారు మస్తాన్‌వలీగారు అనుమానంగా.

"అవతలికే సార్."

కలెక్టరుగారు నుదురు రుద్దుకున్నారు. "రూల్ ఈజ్ రూల్" అన్నారు చివరికి. "బసవయ్యా, మీరు అక్కడే ఆగండి. వాగు తగ్గాక దాటండి."

"అట్టాగే సార్" అన్నాడు బసవయ్య.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. రెండు వారాల తర్వాత, అంపైర్ హోదాలో క్షేత్ర పరిశీలన అని రాసుకుని నేనూ వెళ్లాను. వాగు ఎర్రగా, కల్వర్టు కిందనుంచి హోరెత్తిపోతోంది. బసవయ్య ఇవతలి గట్టున తాటాకు పందిరి కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పందిరి ఊరివాళ్లు వేసిచ్చారట, కుర్చీ, ముందున్న బల్లా బడివి. నోటీసు ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది. పగలంతా కాపలా ఉండి సాయంత్రం బస్సుకి ఇంటికి పోతాడు, పొద్దున్నే వస్తాడు. అతని పక్కనుంచి ఆటోలు పోతున్నాయి, పాలక్యాన్ల మోటార్ సైకిళ్లు పోతున్నాయి, బడిపిల్లలు తడుచుకుంటూ పోతున్నారు. నేను ఉండగానే అంబులెన్స్ ఒకటి వచ్చింది. బసవయ్య కుర్చీ పక్కకి జరుపుకుని దారిచ్చాడు. అది ఆగకుండా అవతలికి వెళ్లిపోయింది. కాసేపటికి ఎవరినో ఎక్కించుకుని తిరిగొచ్చి, పట్నం వైపు సాగిపోయింది. ఆ శబ్దం వినపడనంతదూరం పోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాను.

దాని వెనకాలే రాహేలమ్మ గొడుగేసుకుని, క్యారియరు పట్టుకుని కల్వర్టు మీద నడిచొచ్చింది.

"ఎవరికమ్మా?" అన్నాను అంబులెన్స్ వెళ్లినవైపు చూస్తూ.

"మా వీధిలో పిల్లకి పురిటినొప్పులు. ఏం గాదులే, టయానికే పోతంది" అంది. కల్వర్టు వైపు ఓసారి చూసుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత బసవయ్య ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"రోజూ తడుస్తా కూకుంటన్నావు. ఆ కాయితమేందో ఇట్టా ఇయ్యి, నేనే తీసుకుంటా."

ఆవిడ అందుకుంటే నోటీసు చేరినట్టే. బసవయ్య సంచి గుండెకి ఆనించుకుని, నొచ్చుకుంటూ చూశాడు.

"ఎట్టా ఇస్తానమ్మా? వాగొస్తంటే, కల్వర్టు లేకపాయె, మీరెట్టా దాటొచ్చారంటారు సార్లు. మీరు ఇక్కడ లేరమ్మా."

రాహేలమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ నవ్వలేదు. పందిరి కిందికి వచ్చి, బల్ల మీద క్యారియరు గిన్నెలు విప్పింది.

"అన్నమైనా ఉందా, అదీ లేదా?"

బసవయ్య కూడా నా వైపు చూశాడు, తీర్పు కోసం. దూతకి భోజనం పెట్టకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పి, నేనూ ఒక గిన్నె అందుకున్నాను. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి. వాన ఇంకా జోరుగానే పడుతోంది.